పాత ఫిల్ము పారేయకండి

ఎక్స్‌రే గదిలో మనిషిని రేడియేషన్ నుంచి కాపాడేదేంటి అని అడిగితే చాలామంది గోడకు వేలాడే ఆ బరువైన లెడ్ (సీసం) ఏప్రాన్ వైపే చూపిస్తారు. తిరుపతిలో ఒక ప్రైవేటు సెంటర్లో రేడియోగ్రాఫర్‌గా పనిచేస్తున్న నేను ఆ ఏప్రాన్ రోజూ వేసుకుంటాను, దాని విలువ నాకు బాగా తెలుసు, అయినా నన్నడిగితే పేషెంటు చంకలో పెట్టుకొచ్చిన పాత ఫిల్ము కవరే దానికంటే ఎక్కువ కాపాడుతుందంటాను. డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి "ఇది చాలమ్మా, మళ్ళీ తీయించక్కర్లేదు" అన్నాడంటే ఆ పూట ఆ మనిషికి తగలాల్సిన రేడియేషన్ మొత్తం ఆగిపోయినట్టే. ఏ సీసమూ అంత ఆపలేదు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అనవసరంగా జనం మీద పడుతున్న రేడియేషన్‌లో, నా కళ్ళముందు జరుగుతున్నంతవరకు, పెద్ద వాటా ఒకసారి తీసినదాన్నే మళ్ళీ తీయడం వల్ల పడుతున్నదే. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మన వైపు ఎముక విరిగితే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. పుంగనూరు దగ్గర బండి మీద నుంచి పడిన మనిషి మదనపల్లెలో ఎక్స్‌రే తీయించుకుంటాడు, ఆపరేషన్ అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు పుత్తూరు కట్టు కట్టిద్దామంటారు, ఆ హడావుడిలో ఫిల్ము ఇంట్లో మర్చిపోతారు, అక్కడ మళ్ళీ ఎక్స్‌రే, కట్టు విప్పాక మోకాలు వంగలేదని తిరుపతికొస్తే మళ్ళీ, చివరికి వేలూరు పోతే మళ్ళీ. నిజం చెప్పాలంటే కాలు, చెయ్యి ఎక్స్‌రేల డోసు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్, లెక్కలోకి రానంత తక్కువ, అక్కడ పోయేది డబ్బు, ఒక పూట కూలి. కడుపు సి.టి. స్కాన్ దగ్గరికి వచ్చేసరికి సంగతి వేరు, అదీ ఎక్స్‌రేలతోనే తీసేది, డోసు మాత్రం చాలా ఎక్కువ.

పోయిన వేసవిలో పలమనేరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉండవు. బట్టల షాపు ప్లాస్టిక్ సంచిలో మూడు పెద్ద కవర్లు, మూడూ వేర్వేరు సెంటర్ల పేర్లతో, మూడూ సి.టి.లే. నడుము నుంచి పొత్తికడుపులోకి పాకే నొప్పి, మూత్రనాళంలో రాయి. ఎండలకు మన సీమలో ఈ రాళ్ళ కేసులు ఎన్నొస్తాయో చెప్పక్కర్లేదు. కవర్లు తీసి తేదీలవారీగా పెట్టి చూస్తే మూడింట్లోనూ ఒకటే రాయి, కొంచెం కిందికి జారిందంతే. చేతిలో నాలుగో సి.టి.కి చీటీ ఉంది. "ఇన్ని ఉన్నాయి కదమ్మా, ఇవి డాక్టరుకు చూపించలేదా?" అన్నాను. "చూపిస్తే ఈ ఊర్లో తీసిందే కావాలన్నారు మేడమ్, ఆడ తీసింది ఈడ చెల్లదంట" అంది. ఆ మూడు కవర్లూ మా రేడియాలజిస్టు, అంటే స్కాన్లు చూసి రిపోర్టు రాసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసి, చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ చేసి మాట్లాడి, అల్ట్రాసౌండ్ చేసి పంపించారు. పని జరిగిపోయింది, రేడియేషన్ సున్నా.

ఇదేమీ మా సారు కొత్తగా కనిపెట్టింది కాదు. రాయి ఉందేమో అన్న అనుమానంతో ఎమర్జెన్సీకి వచ్చిన 2,700 మందికి పైగా పేషెంట్ల మీద అమెరికాలో 15 ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. ముందు అల్ట్రాసౌండ్ చేసి, అవసరమైతేనే సి.టి.కి వెళ్ళినవాళ్ళకు రేడియేషన్ బాగా తగ్గింది, ప్రమాదకరమైన జబ్బు ఏదీ కనబడకుండా తప్పిపోవడం మాత్రం పెరగలేదు. మరి మన దగ్గర రాయి అనగానే సి.టి. అనే అలవాటు ఎందుకు పోవటం లేదు?

డోసు లెక్క కూడా చెప్తాను. ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి, ఇంట్లో గాలిలో ఉండే రాడాన్ వాయువు నుంచి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టుల (డోసును కొలిచే ప్రమాణం ఇది) రేడియేషన్ మనిషికి తగులుతూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రేకు 0.1, లేదంటే అంతకంటే తక్కువ. తల సి.టి.కి సుమారు 2. ఛాతీ సి.టి. మామూలు సెట్టింగులతో తీస్తే 7 దాకా, కడుపు సి.టి.కి 8 నుంచి 10. చిత్రం స్పష్టంగా రావడానికి రక్తంలోకి ఇచ్చే మందు ఎక్కించకముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి తీస్తే దాదాపు రెట్టింపు. పలమనేరు ఆవిడకు ఆ మూడూ మామూలు సెట్టింగులతోనే తీసి ఉంటే, పదేళ్ళలో సహజంగా తగలాల్సినంత రేడియేషన్ కొన్ని నెలల్లోనే తగిలిందన్నమాట. 10 మిల్లీసీవర్టుల సి.టి. ఒకటి తీయించుకుంటే ప్రాణాంతకమైన క్యాన్సర్ వచ్చే అవకాశం 2,000లో 1 వంతు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. అంచనా. ఒక్క మనిషికి చూస్తే అది చిన్నదే. అవసరమైన స్కాన్ ముందు అసలు లెక్కేకాదు. అనవసరమైనదానికి మాత్రం ఆ చిన్న రిస్కు కూడా ఎందుకు తీసుకోవాలి అనేదే నా ప్రశ్న.

ఇక్కడ ఎవరో ఒకరు కేరళ సంగతి ఎత్తుతారు. కరునాగపల్లి, చవర తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ మామూలు కంటే చాలా ఎక్కువ, అయినా అక్కడ క్యాన్సర్లు పెరిగినట్టు అధ్యయనాల్లో తేలలేదు కదా అని. నిజమే, తేలలేదు. చిన్న డోసుల దగ్గర మన లెక్క హిరోషిమా, నాగసాకి బాధితులను దశాబ్దాలపాటు పరిశీలించి, అక్కడి పెద్ద డోసుల నుంచి కిందికి లాక్కొచ్చిన అంచనానే, అందులో వాదనకు చోటుంది. కానీ ఆ తీరంలో మనిషికి తగిలేది ఏడాది పొడవునా చుక్కచుక్కగా తగిలే డోసు. సి.టి.ది సెకన్లలో అయిపోయే వ్యవహారం. పైగా సి.టి. తీయించుకున్న పిల్లల మీదే నేరుగా చేసిన అధ్యయనాలు ఇప్పుడు మన ముందున్నాయి. యూరప్‌లో 9 దేశాలు కలిసి చిన్న వయసులో సి.టి. జరిగిన సుమారు 9.5 లక్షల మందిని పరిశీలించి 2023లో ప్రచురించిన ఫలితాల్లో, డోసు పెరిగేకొద్దీ రక్త సంబంధమైన క్యాన్సర్లు పెరిగినట్టు స్పష్టంగా కనబడింది. వాళ్ళ లెక్క ప్రకారం ఈ రోజుల్లో 10,000 మంది పిల్లలకు సి.టి. తీస్తే తర్వాతి పన్నెండేళ్ళలో ఒకరిద్దరికి దానివల్ల అలాంటి క్యాన్సర్ రావచ్చు. ఆ ఒకరిద్దరి తల్లిదండ్రులకు ఇది చిన్న సంఖ్య కాదు.

పిల్లల దగ్గర నాకు ఎక్కువ టెన్షన్ వచ్చేది పెళ్ళిళ్ళ సీజన్లో. కల్యాణమండపంలో మెట్ల మీద నుంచో, కుర్చీలోంచో పడిన పిల్లాణ్ణి పట్టుబట్టలతోనే ఎత్తుకొచ్చేస్తారు, వెనక పదిమంది చుట్టాలు. పిల్లాడేమో అప్పటికే ఏడుపాపి నా టేబుల్ మీద ఉన్న పెన్ను కావాలంటుంటాడు. "ఎందుకైనా మంచిది, తలకు స్కానింగ్ తీసేయండి మేడమ్, డబ్బుల గురించి చూడొద్దు" అంటాడు మేనమామ. వాళ్ళ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి సి.టి. తీయాలి, ఎవరిని కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉంటే చాలు అని 42 వేల మందికి పైగా పిల్లలను చూసి తయారుచేసిన సూత్రాలు 2009 నుంచే ఉన్నాయి. స్పృహ తప్పిందా, పదేపదే వాంతులా, మత్తుగా ఉన్నాడా, ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, పుర్రె ఎముక విరిగిన గుర్తులున్నాయా, ఇలాంటివి డాక్టరు చూస్తాడు. ఇవేవీ లేకపోతే ఆ పిల్లాడికి కావాల్సింది మెషీను కాదు, పక్కన కూర్చుని గమనించే మనిషి. ఒకవేళ తీయాల్సి వచ్చినా పెద్దవాళ్ళకు పెట్టిన సెట్టింగులతోనే తీయకూడదు, పిల్లాడి బరువు, వయసు చూసి తగ్గించాలి. "పిల్లల ప్రోటోకాల్ పెట్టారా?" అని తల్లిదండ్రులు అడగొచ్చు. అడిగితే ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

కరోనా కాలంలో 2021 మే నెల గుర్తుందా. రెండో వేవ్‌లో ఊరంతా ఒకరినొకరు "నీ సి.టి. స్కోరెంత?" అని అడుగుతున్న రోజులు, అంటే ఊపిరితిత్తులు ఎంతవరకు దెబ్బతిన్నాయో సి.టి. చూసి వేసే అంకె. ఆక్సిజన్ 98 ఉన్నవాళ్ళు, కొంచెం గొంతునొప్పి ఉన్నవాళ్ళు కూడా లైన్లో నిలబడ్డారు, మూడు రోజులకు మళ్ళీ వచ్చి స్కోరు తగ్గిందేమో చూడమన్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణ్‌దీప్ గులేరియా ఒక సి.టి. అంటే 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. రేడియాలజిస్టుల సంఘం ఆ లెక్కను ఒప్పుకోలేదు, ఇప్పటి మెషీన్లలో తక్కువ డోసుతో తీస్తే 5 నుంచి 10 ఎక్స్‌రేల పాటే అని జవాబిచ్చింది. ఇద్దరి మాటల్లోనూ నాకు కనబడింది ఒకటే. ఒకే పేరున్న స్కాన్ మెషీన్ను బట్టి, దాని సెట్టింగుల్ని బట్టి, తీసే మనిషి ఓపికను బట్టి ఇన్ని రెట్లు మారిపోతుంది, ఆ తేడా ఎంతో పేషెంటుకు మాత్రం ఎవరూ చెప్పరు.

ఆడవాళ్ళ విషయం ఇంకోటి. గర్భిణులకు తీసిన ఎక్స్‌రేలకూ, పుట్టిన పిల్లల్లో వచ్చిన క్యాన్సర్లకూ సంబంధం ఉందని ఇంగ్లండులో ఆలిస్ స్టీవర్ట్ అనే డాక్టరు 1956లోనే బయటపెట్టింది, మొదట్లో చాలామంది నమ్మలేదు. ఈ రోజు ప్రతి ఎక్స్‌రే గది బయటా "గర్భిణులు ముందే చెప్పండి" అని బోర్డు ఉంటుంది. బోర్డు ఉంటే సరిపోదు. కొత్తగా పెళ్ళయిన పిల్లను అత్తగారి ముందు, వరండాలో కూర్చున్న మగవాళ్ళ ముందు "నెల తప్పిందా అమ్మా?" అని గట్టిగా అడిగితే ఆ పిల్ల తల దించుకుని లేదంటుంది. అంతకంటే ఏం చెప్తుంది? నేను లోపలికి తీసుకెళ్ళి, తలుపేసి, అత్తగారిని బయటే ఉంచి మళ్ళీ అడుగుతాను, ఆఖరుసారి నెలసరి ఎప్పుడొచ్చింది అని తేదీతో సహా అడుగుతాను. జవాబు మారిన సందర్భాలున్నాయి. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. తెలియక ఒక ఎక్స్‌రే తీశారని భయపడి గర్భం తీయించుకుందామనుకునేవాళ్ళున్నారు. దయచేసి ఆ తొందర వద్దు. బిడ్డకు తగిలిన డోసు 100 మిల్లీగ్రేల (ఇదీ డోసు కొలతే) లోపు ఉంటే కేవలం రేడియేషన్ కారణంగా గర్భం తీయించుకోవాల్సిన పనిలేదని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఎప్పుడో చెప్పింది, ఛాతీ ఎక్స్‌రేలో బిడ్డకు తగిలేది దానిలో వెయ్యో వంతు కూడా ఉండదు.

ఇక గదిలో ఎవరుండాలి అనే విషయం. ఎక్స్‌రే మెషీను బటన్ నొక్కినప్పుడు మాత్రమే, సెకనులో చిన్న భాగంపాటు రేడియేషన్ ఇస్తుంది. ఆపేశాక గాలిలో ఏమీ మిగలదు, తీయించుకున్న మనిషి నుంచి పక్కవాళ్ళకు ఏమీ రాదు. కాబట్టి ఆ క్షణంలో గదిలో ఎవరున్నారనేదే ముఖ్యం. పిల్లలను, కదలకుండా ఉండలేని ముసలివాళ్ళను పట్టుకోవాల్సి వస్తే ఇంట్లోవాళ్ళు పట్టుకోవాలి, ఏప్రాన్ వేసుకుని, గర్భిణి కాకుండా. ఇంట్లోవాళ్ళు జీవితంలో ఒకటి రెండుసార్లు పట్టుకుంటారు. మరి చాలా చోట్ల జరిగేదేంటంటే ఆయమ్మను పిలుస్తారు. రోజూ, అందరికీ, ఆవిడే పట్టుకుంటుంది, ఒక్కోసారి ఏప్రాన్ కూడా లేకుండా, "ఏం కాదులే మేడమ్, అలవాటైపోయింది" అంటూ. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుంది, వార్డులో మంచం దగ్గరికే మెషీను తెచ్చి పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు రెండు మీటర్లు వెనక్కి జరిగితే చాలు బోలెడంత తగ్గుతుంది. ఇది ఆయమ్మకు ఎవరూ చెప్పలేదు. పేషెంటుకు కప్పే సీసం ముక్కల గురించి ఆలోచన ఇప్పుడు మారింది, అవి ఒక్కోసారి చిత్రానికి అడ్డం వచ్చి మళ్ళీ తీయాల్సి వస్తుందని 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం ఆ అలవాటు ఆపేయమంది. కావాల్సినంత మేరకే కిరణాన్ని కుదించి తీయడం దానికంటే మేలు. కానీ పట్టుకునేవాళ్ళకు, దగ్గర నిలబడేవాళ్ళకు ఏప్రాన్ తప్పనిసరి, అందులో మార్పేమీ లేదు.

మా సొంత రక్షణ సంగతి చెప్తే మా వాళ్ళే బాధపడతారేమో, అయినా చెప్తాను. మాకు టి.ఎల్.డి. బ్యాడ్జ్ అని ఒకటిస్తారు. ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. దాంట్లో ఒక సన్నని రేకుకు మూడు చిన్న తెల్లటి బిళ్ళలు ఉంటాయి, తగిలిన రేడియేషన్‌ను అవి తమలో దాచుకుంటాయి, మూడు నెలలకోసారి ల్యాబుకు పంపిస్తే అక్కడ వేడిచేస్తారు, దాచుకున్నదంతా వెలుతురుగా బయటికొస్తుంది, ఆ వెలుతురును కొలిచి డోసెంతో చెప్తారు. మన దేశంలో రేడియేషన్ పని చేసేవాళ్ళకు ఐదేళ్ళ సగటు మీద ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మామూలు జనానికి పరిమితి 1. గర్భం దాల్చిన రేడియోగ్రాఫర్ విషయం చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకు మిగిలిన కాలానికి పరిమితి 1. ఇంత చక్కటి ఏర్పాటు ఉండి, బ్యాడ్జ్ డ్రాయరులో పడి ఉంటే ఏం లాభం? రీడింగ్ ఎక్కువొస్తే విచారణ, కాగితాలు, యజమాని మొహం మాడ్చుకోవడం. అందుకని దాన్ని పెట్టుకోని సెంటర్లున్నాయి. కొత్తగా డిప్లొమా చేసి చేరిన పిల్లలకు బ్యాడ్జే తెప్పించకుండా నెలలు గడిపేసేవి కూడా ఉన్నాయి. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో, 1904కల్లా ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ రెండు చేతులూ పోగొట్టుకుని చనిపోయాడు. ఈ వృత్తిలో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లతో జర్మనీలో హాంబర్గ్‌లో 1936లో స్తంభం కట్టారు. ముందు పోయింది తీసేవాళ్ళే, తీయించుకునేవాళ్ళు కాదు. కొత్తగా చేరే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే, నీ బ్యాడ్జ్ వచ్చేదాకా బటన్ ముట్టుకోవద్దు అని.

సెల్ టవర్ల గురించి అడుగుతారని తెలుసు. వాటి తరంగాలు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లను పీకేసేంత శక్తి ఉన్నవి కావు, వాతావరణ పరిశోధనకు పెట్టిన గాదంకి రాడార్ అయినా అంతే, పైగా టవర్ల మీద పరిమితిని మన దేశం 2012లోనే అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. అలిపిరి దగ్గర సంచులు వేసే మెషీన్లో మాత్రం ఉండేది ఎక్స్‌రేనే, అందుకే ఆ నల్లటి రబ్బరు తెరల్లో సీసం ఉంటుంది. పిల్లలు ఆటగా ఆ తెరలు ఎత్తి చేతులు లోపల పెట్టకుండా చూసుకోండి, అంతకుమించి కంగారు అక్కర్లేదు. కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియం గని, అక్కడి వ్యర్థాల చెరువు, ఊళ్ళ నీళ్ళ సంగతి పూర్తిగా వేరే సమస్య, దానికి విడిగా రాయాలి.

మళ్ళీ ఫిల్ముల దగ్గరికే వస్తాను. పాతది ఎందుకు చెల్లదంటారో లోపలున్నవాళ్ళందరికీ తెలుసు. కొన్నిసార్లు నిజమైన కారణమే ఉంటుంది, చిత్రం బాగా లేకపోవచ్చు, జబ్బు ముదిరి ఉండొచ్చు. కొన్నిసార్లు పక్క ఊరి సెంటర్ మీద నమ్మకం ఉండదు. మరికొన్నిసార్లు కమిషన్. పేషెంట్లను పంపినందుకు డబ్బు తీసుకోవడం వైద్య నియమావళి ప్రకారం తప్పని 2002 నిబంధనల్లోనే రాసి ఉంది. అది ఆగనంతకాలం రేడియేషన్ రక్షణ గురించి ఎన్ని గోడలు కట్టినా సగం పనే. పేషెంట్ల వైపు నుంచి కూడా చేయాల్సింది ఉంది. రిపోర్టు కాగితం వాట్సాప్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే సరిపోదు, దాంతో ఏ డాక్టరూ ఏమీ చేయలేడు. సి.టి. తీయించుకున్నప్పుడు సీడీనో, పెన్‌డ్రైవ్‌లో మొత్తం చిత్రాలో అడగండి, అది డైకామ్ (వైద్య చిత్రాల కోసం అన్ని ఆసుపత్రుల్లో వాడే) ఫార్మాట్‌లో ఉండాలని చెప్పండి, వేలూరైనా చెన్నైయైనా తెరిచి చూడగలిగేది అదే. ఫిల్ములు మడవకుండా, తడి తగలకుండా బీరువా మీద పెట్టుకోండి. గ్రహణం చూడ్డానికి పిల్లలకు ఇవ్వకండి, ఫిల్ము పోవడం ఒక నష్టమైతే దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోవడం ఇంకో నష్టం. వెళ్ళిన చోట మెషీనుకు ఏ.ఈ.ఆర్.బి. లైసెన్సు ఉందా అని అడగొచ్చు, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఎక్స్‌రే మెషీను నడపకూడదు.

ప్రభుత్వం ప్రతి మనిషి ఆరోగ్య ఖాతాకు 14 అంకెల ఆభా నంబరు ఇస్తోంది, రిపోర్టులన్నీ అందులోకి వస్తాయంటోంది. మంచిదే. చిత్రాలూ, డోసూ కూడా అందులోకి రావాలి. డోసు తెలుసుకోవడం కష్టమేమీ కాదు, ప్రతి సి.టి. చివర ఆ స్కాన్ మొత్తంలో ఇచ్చిన రేడియేషన్‌ను చెప్పే డి.ఎల్.పి. అని ఒక అంకె మెషీనే చూపిస్తుంది. కడుపు స్కాన్‌కు అది 600 వస్తే 0.015తో గుణించండి, 9 మిల్లీసీవర్టులు. ఛాతీకి 0.014, పెద్దవాళ్ళ తలకు 0.0021. పిల్లలకు ఈ గుణకాలు వేరు, వయసును బట్టి ఎక్కువ. ఆ అంకె స్క్రీన్ మీద వస్తుంది, మేము చూస్తాం, పేషెంటుకిచ్చే కాగితం మీద మాత్రం ఉండదు. మా సెంటర్లో దీని గురించి చాలాకాలంగా పోరుతున్నాను. భయపడి జనం రారు అన్నారు, అడిగినవాళ్ళకు ఎవరు విడమరిచి చెప్తారు అన్నారు, నేను చెప్తానన్నాను. ఇప్పుడు పన్నెండేళ్ళలోపు పిల్లల సి.టి. రిపోర్టుల కింద డి.ఎల్.పి. ఎంతో అచ్చువేసి ఇస్తున్నారు. పెద్దవాళ్ళవి కూడా వేయమని అడుగుతున్నాను, ఇంకా ఒప్పుకోలేదు.